ఒగ్గువారు, పర్ధానులు: కథాగాయకుల మార్గాంతరము

ఒక గాయకుడు తనకు ప్రసిద్ధి దెచ్చిన ధోరణిని విడిచి మఱియొక ధోరణి నవలంబించినపుడు శ్రోతలలో రెండు విధములైన యభిప్రాయములు పుట్టుట సహజము. కొందఱు దానిని ప్రతిభావికాసమందురు, కొందఱు సంప్రదాయభంగమందురు. సభలయందు పాడు విద్వాంసుని విషయమున నీ చర్చ రుచిభేదమునకు మాత్రమే సంబంధించినది. అతడు మార్గము మార్చినను మార్చకున్నను నెవ్వరి కర్మయు చెడదు. ఏ దేవతయు నలుగదు. కాని కులదైవము నెదుట వంశక్రమముగ పాడు కథాగాయకుని సంగతి యట్టిది కాదు. అతని పాట యతని సొత్తు మాత్రమే కాదు. దానిపై పోషకునకు హక్కు కలదు. దేవతకును హక్కు కలదు. అట్టివాడు ధోరణి మార్చినచో నేది మాఱును, ఏది నిలుచును, ఏది నశించును అను ప్రశ్నకు కరీంనగర, ఆదిలాబాదు మండలములు తగిన యుదాహరణములను జూపుచున్నవి.

ఈ రెండు మండలములకును గోదావరి నడిమి యెల్ల. దక్షిణతీరమున కరీంనగర మండలము, పూర్వపు టెలగందుల సీమ. ఉత్తరతీరమున అడవులు కొండలు గల ఆదిలాబాదు మండలము. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి మొదటిదానినుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, రెండవదానినుండి నిర్మల, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాదు జిల్లాలును ఏర్పడినవి. సంప్రదాయములు జిల్లా హద్దుల ననుసరించి మాఱునవి కావు గనుక నిచ్చట పూర్వపు మండలములే గ్రహింపబడినవి. గోదావరికి దక్షిణమున పశుపాలకుల దేవతలైన మల్లన్న బీరప్పల కథలను ఒగ్గువారు చెప్పుదురు. ఉత్తరమున రాజగోండుల పురాణములను పర్ధానులును తోటీలును పాడుదురు. ఒకరిది తెలుగు, మఱియొకరిది గోండి. అయినను నిరువురి స్థితియు నొక్కటియే: పాట వృత్తి, వృత్తి వంశాగతము.

ధోరణి యనగా నేమి?

మార్గాంతరమును గూర్చి విచారించుటకు ముందు ధోరణి యను మాటను విడదీసి చూడవలెను. కథాగాయకుని ధోరణియందు నాలుగంగములు కలవు. మొదటిది కథ; రెండవది వాద్యముతో గూడిన ధ్వని; మూడవది వేళ, అనగా నా కథ చెప్పదగిన పండుగయో, పెండ్లియో, అంత్యక్రియయో; నాలుగవది పోషకుడు, అనగా చెప్పించుకొని కట్నమిచ్చువాడు. శాస్త్రీయ సంగీతమున మొదటి రెండంగములే ప్రధానములు. కథాగానమున చివరి రెండును వాని కంటె బలవత్తరములు. వేళ తప్పి చెప్పిన కథ యెంత శ్రావ్యముగ నున్నను పూజ కాజాలదు. కాబట్టి “ఫలానివాడు సంప్రదాయమును విడిచెను” అనునపుడు నాలుగింటిలో దేనిని విడిచెనో చెప్పనిచో నా మాటకు నిర్దిష్టమైన యర్థము లేదు.

ఒగ్గువారు

ఒగ్గనునది డమరుకము వంటి చిన్న వాద్యము. దానిని బట్టియే కథకును కథకునకును నా పేరు కలిగినది. ఈ వృత్తివారు ముఖ్యముగ కురుమ, గొల్ల కులములకు చెందినవారు. వీరు కేవలము గాయకులు కారు, పూజారులు. కొమురవెల్లి, ఐనవోలు, ఓదెల మొదలగు మల్లన్న క్షేత్రములలో భక్తుల పక్షమున రంగుల పొడులతో పట్నము వేయుట, దేవుని కల్యాణము జరుపుట, కథ చెప్పుట వీరి విధులు. వీనిలో ఓదెల పూర్వపు కరీంనగర మండలములోనిది. మల్లన్న గొల్లకేతమ్మను, మేడలమ్మను వరించిన వృత్తాంతము, బీరప్ప కామరతుల కల్యాణము వీరి మూలకథలు. కథ పూజలో నొక భాగమే కాని పూజానంతర వినోదము కాదు.

చెప్పు తీరును గమనింపదగినదే. ప్రధానకథకుడొకడు, అతని మాటకు మాట యందించు సహాయకుడొకడు, డోలు, తాళములు వాయించువారు మఱికొందఱు. పాట, వచనము, సంభాషణ, అడుగు వేయుట యెడతెగక సాగును. కథకుడే పైబట్టను కొంగుగ సవరించుకొని కన్నెయగును. కఱ్ఱ చేబట్టి గొఱ్ఱెలకాపరి యగును. శ్రోత యొకవైపు దేవుని కల్యాణమున పాల్గొనుచు మఱియొకవైపు నాటకమును జూచుచుండును. ఈ నాటకశక్తియే తరువాత మార్గాంతరమునకు ద్వారము తెఱచినది.

ఇంతకును ఒగ్గువారి కథలలో ఎల్లమ్మ కథయు మిక్కిలి ప్రచారము గలది. ఎల్లమ్మ యనగా రేణుక, పరశురాముని తల్లి. ఈ దేవతకు పూజారులు బైండ్లవారు. వీరి వాద్యము జమిడిక. వీరినే పూర్వగ్రంథములు బవనీలని వ్యవహరించినవి. వినుకొండ వల్లభరాయనిదిగ ప్రసిద్ధమై, శ్రీనాథకృతమని కొందఱు తలచు క్రీడాభిరామమున ఓరుగంటి వర్ణనమునందు, ఏకవీర యెదుట బవనీల గాయకుడు పరశురాముని కథలు పాడిన ఘట్టము కలదు. ఆ కావ్యముననే మైలారదేవుని వీరభటుల సాహసకృత్యములును వర్ణితములు. మైలారుడు మల్లన్నయే, మహారాష్ట్రమున ఖండోబాయును నతడే. అనగా నా కవి కాలమున ఎల్లమ్మకును మల్లన్నకును పరివారములు వేర్వేఱుగ నుండెను. ఎల్లమ్మ కథకు పాత్రుడు బవనీడు. దానికి ధ్వని వాని వాద్యము.

ఆ కథ నేడు ఒగ్గువారి నోట డోలు తాళములతో వినబడుచున్నది. బైండ్లవారును దానిని మానలేదు. జమిడికతో నిప్పటికిని చెప్పుచున్నారు. ఒకే కథకు రెండు ధ్వనులు కలిగినవన్నమాట. ఒగ్గువారు తమ మూలకథల పరిధిని దాటి యితర దేవతాకథను గ్రహించుటకు కారణ మూహింపరానిది కాదు. ఎల్లమ్మను గౌడులు మొదలైన పెక్కు కులములవారు కొలుతురు. మల్లన్న బీరప్పల కథలకు పోషకులు ప్రధానముగ పశుపాలకులు. ఎల్లమ్మ కథకు పోషకులు గ్రామమున నెక్కువ. పోషకవర్గము విస్తరించినపుడు కథయు విస్తరించినది. కాబట్టి “శుద్ధమైన ఒగ్గుకథ” యని పండితులు చూపు కథాసంపుటిలోనే యొక ప్రధానకథ పూర్వమెన్నడో జరిగిన మార్గాంతరమునకు ఫలము. అది పాతబడినది గనుక మార్గాంతరమని తోచకున్నది; అంతే భేదము.

ఇరువదవ శతాబ్దిలో రెండవ మార్పు వచ్చినది. గుడిముంగిటినుండి కథ రంగస్థలమునకు, ఆకాశవాణికి, సభామందిరములకు నడచినది. ఈ మార్పునకు ప్రసిద్ధుడైన ప్రతినిధి పొరుగు జనగామ ప్రాంతమునకు చెందిన చుక్క సత్తయ్య (1935–2017). సంగీత నాటక అకాడమి పురస్కారమందిన యీయన ఒగ్గుకథలోని యభినయాంశమును పెంచి, పురాణకథలను నా బాణీలో చెప్పి, ప్రజాహిత విషయముల ప్రచారమునకును దానిని వినియోగించెను. కరీంనగర మండలమున వేములవాడకు సమీపమునగల హనుమాజీపేట వాస్తవ్యుడు, 2010లో దివంగతుడైన మిద్దె రాములు ఒగ్గుకథకు గొప్ప ప్రచారము గల్పించెను. ఇదే గ్రామమున 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి గేయకావ్యకర్తగ, సినిమా కవిగ, గజళ్ల రచయితగ పేరొందినవాడు. ఆయన విశ్వవిద్యాలయ పట్టమునకై వ్రాసిన పరిశోధన విషయము ఆధునికాంధ్ర కవిత్వమునందలి సంప్రదాయములు, ప్రయోగములు. ఆ రెండు మాటలును కావ్యకర్తలకు మాత్రమే చెల్లునవి కావనుటకు ఆయన యూరి ఒగ్గుకథయే నిదర్శనము.

ఈ రెండవ మార్పునందు మాఱిన యంగములేవి? కథ కొంత మాఱినది. వేళ పూర్తిగ మాఱినది. పోషకుడు దేవుని భక్తుడు గాక సభాసదుడో సంస్థయో యైనాడు. నిలిచినది ధ్వని యొక్కటి. అయినను చుక్క సత్తయ్య వంటివారి చేతిలో నిది ఒగ్గుకథగనే గుర్తింపబడుటకు కారణము వారు మూలకథలను మానకుండుట. క్రొత్త విషయము చెప్పినవాడే మఱునాడు మల్లన్న కథయు చెప్పగలడన్న నమ్మకము శ్రోతలకుండెను.

మూడవ మార్పు మఱింత దూరము పోయినది. ఒగ్గుడోలని నేడు ఊరేగింపులందును ప్రభుత్వోత్సవములందును కనబడునది కథ లేని వాద్యనృత్యము. పదులకొలది యువకులు డోళ్లు ధరించి యొక్క తాళమునకు ఎగురుచు వాయింతురు. ఒకరి భుజములపై నొకరు నిలిచి విన్యాసములు చూపుదురు. కథకుడు లేడు, పట్నము లేదు, కల్యాణము లేదు. వాద్యము కథనుండి విడివడి స్వతంత్రమైన కళయైనది. దీనిని ఒగ్గుకథ యొక్క క్షీణరూపమనుటకంటె నూతన ప్రక్రియ యనుటయే న్యాయము. అయితే దానిని జూచి ఒగ్గుకథ వర్ధిల్లుచున్నదని సంతసించుట మాత్రము పొరపాటు. డోలు వర్ధిల్లవచ్చును, కథ యడుగంటవచ్చును.

పర్ధానులు, తోటీలు

గోదావరి దాటినచో విషయము వేఱు రూపము దాల్చును. రాజగోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల లేక సోదరుల వర్గములుగ విభక్తులై, ఆయా వర్గములలో పెక్కు వంశములు గలవారై యున్నారు. ఈ వంశములకు వంశక్రమాగతులైన గాయకులు పర్ధానులు. పెర్సపేను అను వంశదేవతకు పూజ జరుగునపుడును, పెండ్లియందును, మరణానంతర కర్మలయందును పర్ధాను వచ్చి పాడవలెను. అతని ప్రధానవాద్యము కింగ్రి లేక కిక్రి, కమానుతో వాయించు మూడు తంతుల వాద్యము. వంశమెట్లు పుట్టినది, దేవత యెట్లు లభించినది, ఆదిపురుషుడైన పహండి కుపార్ లింగాలు గోండులకు ధర్మము నెట్లు నేర్పినది అనునవి యతని పురాణములు. దక్షిణపు తెలుగు పల్లెల వైపున నిదే వృత్తి నవలంబించినవారు తోటీలు.

పర్ధానుల విషయమున నొక విశేషము కలదు. వీరి యింటిభాష మరాఠీ, పాడునది గోండి. తమ భాష కాని భాషలో పరుల వంశచరిత్రమును కంఠస్థము చేసి తరతరముల కందించిన జాతి యిది. గోండు తన పుట్టుపూర్వోత్తరములను తానెఱుగుటకు పర్ధానునిపై నాధారపడవలెను. పర్ధాను తన జీవనమునకు గోండుపై నాధారపడవలెను. పాటకు ప్రతిఫలముగ ధాన్యము, వస్త్రములు, పశువులు లభించుచుండెను. మృతుని కర్మకాండలో పర్ధానునకు రావలసిన కట్నములు నియతములు. ఇట్టి బంధమున ధోరణి మార్చుటయన్న నొక కులమునకును మఱియొక కులమునకును గల యొడంబడికను కదల్చుటయే.

ఆ యొడంబడిక నిజముగ కదలినది. కదల్చినవాడు గాయకుడు కాడు. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి బయటివారి వలసలును, అడవుల నిర్బంధములును గోండుల భూములను హరించినవి. 1940లో జోడేఘాటున కొమరం భీము నాయకత్వమున జరిగిన తిరుగుబాటు దాని ఫలితమే. ఆ పిదప నిజాము ప్రభుత్వముచే నియుక్తుడై వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ మార్లవాయి గ్రామమున నివసించి, 1943లో నచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము నెలకొల్పుటకు కారకుడయ్యెను. ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన ఆయన గ్రంథము 1948లో ప్రకటితమైనది. పర్ధానులు పాడిన పురాణములే దానికి ముఖ్యమైన యాధారము. భూమి పోయిన గోండు పర్ధానునకు పశువు నీయలేడు. ఇచ్చువాడు లేనపుడు పాడువాడు సేద్యమునకో, కూలికో, చదివి యుద్యోగమునకో పోవలసివచ్చును. ఇది గాయకుడు కోరి చేసిన మార్గాంతరము కాదు. పోషకుడను నాల్గవ యంగము విఱిగినందున గలిగినది.

వేళ యను మూడవ యంగము మాఱిన తీరునకు గుస్సాడి యుదాహరణము. దీపావళి దినములలో గోండు పల్లెలందు జరుగు దండారి యుత్సవమున నెమలియీకల కిరీటములు ధరించి దీక్షతో నాడు నృత్యమది. డోలు, పెప్రె, కాలికోము మొదలగు వాద్యములు దానికి తోడు. పండుగ ముగిసిన పిదప కిరీటము దింపి దీక్ష విరమింతురు. అట్టి నృత్యమును మార్లవాయి వాస్తవ్యుడగు కనకరాజు దేశపు సభలకు గొనిపోయి, యువకులకు నేర్పి, 2021లో పద్మశ్రీ పురస్కార మందుకొని, 2024లో మరణించెను. ఆయనకు గుస్సాడి రాజని పేరు. సభలో నాడునపుడు దీపావళి యుండదు. అయినను నింటికి వచ్చి దండారి దినములలో మరల దీక్షబూని యాడువానికి సభ యొక యదనపు వేళ యగునే కాని పండుగకు బదులు కాదు. ఒగ్గుడోలునకును గుస్సాడికిని గల భేదమిదియే: మొదటిదానియందు కథ విడిపోయినది, రెండవదానియందు పండుగ యింకను నిలిచియున్నది.

గొంతునుండి యక్షరమునకు గలిగిన మార్పు మఱియొకటి. 2006లో ఆదిలాబాదు మండలపు నార్నూరు ప్రాంతమున గుంజాల గ్రామమందు గోండి భాషకు ప్రత్యేకమైన లిపిలో నున్న వ్రాతప్రతులు పరిశోధకుల దృష్టికి వచ్చినవి. ఆ లిపి గుంజాల గోండి యను పేర 2018లో యూనికోడు పట్టికయందు చేర్చబడినది. గోండిని కేవలము నోటిభాషగ నెంచినవారికిది యాశ్చర్యము కలిగించినది. పాటగ మాత్రమే బ్రదుకుననుకొన్న వాఙ్మయమునకు వ్రాతయు నొక యాశ్రయము కాగలదని దీనివలన తెలియుచున్నది.

పోలికలు

ఈ రెండు తెఱగులను ఇతరములతో పోల్చినచో నిర్ణయము సులభమగును. మధ్యప్రదేశపు పర్ధానులు బానా యను తంతువాద్యముతో బడాదేవుని పిలుచువారు. వారిలో పాటన్‌గఢ్ గ్రామమునకు చెందిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ భోపాలునందలి భారత్ భవనము వారి ప్రోత్సాహమున 1980 తరువాత చిత్రకారుడై, తన పూర్వులు పాడిన దేవతలను కాగితముపై చుక్కలు గీతలతో వ్రాసెను. 2001లో ఆయన జపానునందు మరణించెను. బంధువులు పెక్కుమంది ఆ త్రోవనే నడచి యొక చిత్రసంప్రదాయమును నిలిపిరి. ఇచ్చట ధ్వని, వేళ, పోషకుడు మూడును పోయినవి. కథ మాత్రము రంగులలో మిగిలినది.

దీనికి విపరీతము సుద్దాల హనుమంతు మార్గము. నల్లగొండ సీమకు చెందిన యీయన తెలంగాణ సాయుధపోరాట కాలమున గొల్లసుద్దుల బాణీని గ్రహించి, అందులో దొరల దౌర్జన్యమును కథావస్తువు చేసెను. ధ్వని నిలిచినది, కథ మాఱినది. బాణీ వినినంతనే పల్లెవారికి తమదని తోచుటచే క్రొత్త విషయము సులభముగ హృదయమున నాటినది. ఇక గుంటూరు సీమయందలి షేక్ నాజరు (1920–1997) సంగతి వేఱు. ఆయన శాస్త్రీయ సంగీతము, హార్మోనియము నేర్చి, ప్రజానాట్యమండలి ద్వారమున బుర్రకథకు వచ్చి, జంగముల కథారూపమునకు నూతనతేజము కలిగించి, 1986లో పద్మశ్రీ పొందెను. ఆయన జంగముడు కాడు. ఆ కథ నాయన ఫలాని వేళ ఫలానివారికి చెప్పితీఱవలెనను కట్టడి లేదు. వంశాగతుడు కానివానికి స్వేచ్ఛ యెక్కువ. వంశాగతునకు బాధ్యత యెక్కువ. ఇరువురి మార్గాంతరములను నొకే కొలబద్దతో కొలుచుట యుక్తము కాదు.

సినిమాయందు ధ్వని మాత్రమే గ్రహింపబడుట గూడ కలదు. నాగరకర్నూలు సీమకు చెందిన కిన్నెరగాయకుడు దర్శనం మొగిలయ్య 2021లో నొక చిత్రగీతపు టారంభమున పాడుటచే, అంతకు ముందు కిన్నెర పేరైన వినని లక్షలమంది యా కంఠమును వినిరి. మఱుసటి సంవత్సరము పద్మశ్రీయు లభించెను. కాని పండుగ సాయన్న, మియాసాబు మొదలైన వీరుల కథలను పూర్తిగ వినగోరినవారెందఱను ప్రశ్న మిగిలియే యున్నది.

ఫలితార్థము

పై యుదాహరణములనుబట్టి యొక సూత్రము చెప్పవచ్చును. నాలుగంగములలో నొకటి రెండు మాఱి తక్కినవి నిలిచినచో ప్రక్రియ జీవించును, పైగా బలపడును. ఎల్లమ్మ కథను గ్రహించిన ఒగ్గువారు, సుద్దుల బాణీని గ్రహించి కథను మార్చిన హనుమంతు దీనికి సాక్షులు. మూడంగములు పోయి యొకటి మాత్రమే మిగిలినచో పుట్టునది వేఱొక ప్రక్రియ. అది హీనమనుటకు వీలులేదు. జన్‌గఢ్ చిత్రములు హీనములు కావు. కాని దానిని పాత పేరుతో పిలిచి పాతది భద్రముగ నున్నదని తలచుట ప్రమాదకరము.

సంప్రదాయభంగమని యాక్షేపించువారి మాటయందును సత్యము లేకపోలేదు. రాత్రులు సాగవలసిన కథ గంటకు కుదింపబడినపుడు మొదట తొలగునవి దేవతాస్తుతులు, వంశనామములు, ఊళ్ల పేర్లు, దారుల వర్ణనములు. సభలోని శ్రోతకవి నీరసములు. పరిశోధకునకో, అవియే నిధులు. వలసల చరిత్ర, కులముల పూర్వసంబంధములు, నశించిన గ్రామముల యునికి ఆ నీరసభాగముననే దాగియుండును. కథాభాగము క్లుప్తమైనను మరల విస్తరింపవచ్చును. నామావళి మఱచిన పిదప కల్పించుటకు వీలులేదు. కాబట్టి గాయకుని నిందించుటవలన ప్రయోజనము లేదు. పోషకుడు లేక యతడు మార్గము మార్చుకొన్నాడు. ఆ మార్గమే యతని యింటిల్లిపాదికి నన్నము పెట్టుచున్నది. చేయవలసినది మఱియొకటి కలదు.

బిరుదురాజు రామరాజు 1950 తరువాతి దశాబ్దమున తెలుగు జానపద గేయసాహిత్యముపై పరిశోధన చేసి విశ్వవిద్యాలయములలో నీ శాస్త్రమునకు పీట వేసెను. నాటినుండి కథలు పెక్కు సేకరింపబడినవి. అయితే సేకర్తలు తఱచుగ కథను వ్రాసికొని వేళను విడిచినారు. ఏ పండుగన, ఎవరి యింట, ఏ కట్నమునకు, ఎన్ని రాత్రులు చెప్పబడినదో వ్రాయని కథ సగము కథయే. పల్లెలలోని పాఠశాలా పండితులకీ పని యసాధ్యము కాదు. ఊరిలో పట్నము వేసిన దినమున పూజారినడిగి నాలుగంగములను నాలుగు పంక్తులలో గుర్తించుకొన్నను చాలును. సభలో చెప్పిన పాఠమును, గుడిముంగిట చెప్పిన పాఠమును రెండును పక్కపక్కన నుంచి చూచినపుడు గాయకుడు దేనిని విడిచెనో, దేనిని కాపాడెనో తేటపడును. కథకుడు దేనిని విడువక కాపాడుకొన్నాడో యదియే యతని దృష్టిలో సంప్రదాయము. పండితుని నిర్వచనము దానిని వెన్నంటి రావలసినదే.